జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (1893 మార్చి 23 - 1974 జనవరి 4) ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, యంత్ర నిపుణుడు. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. ఇతని మాతృభాష తెలుగు. తమిళనాడులోని కోయంబత్తూరు ఇతని కార్యక్షేత్రము. పాఠశాల చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయినప్పటికీ, యంత్రాలను విప్పి, పరిశీలించి, తిరిగి బిగించడం ద్వారా స్వయంగా ఇంజనీరింగు నేర్చుకున్నాడు. బస్సు రవాణా, విద్యుత్ మోటార్లు, గృహోపకరణాలు, వ్యవసాయము, సాంకేతిక విద్య వంటి అనేక రంగాలలో కృషి చేశాడు. భారతదేశములో తయారైన మొదటి విద్యుత్ మోటారు 1937లో ఇతని కర్మాగారము నుండే వెలువడింది. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు.

కుటుంబ నేపథ్యము, బాల్యము

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపములోని కలంగల్ గ్రామములో ఒక రైతు కుటుంబములో జన్మించాడు. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. విజయనగర, నాయక రాజుల కాలములో తెలుగు ప్రాంతాల నుండి దక్షిణానికి తరలివెళ్ళిన కమ్మ నాయుళ్ళు కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి భూములలో స్థిరపడి వ్యవసాయము, ముఖ్యముగా పత్తి సాగు చేసేవారు. ఇరవయ్యవ శతాబ్దములో వీరిలో చాలా కుటుంబాలు పత్తి వ్యాపారము నుండి నూలు మిల్లులకు, అక్కడి నుండి యంత్ర పరిశ్రమలకు విస్తరించాయి. నాయుడు జీవితము కూడా ఇదే క్రమములో సాగింది.

బాల్యములో ఇతనికి తరగతి గది చదువు మీద ఆసక్తి ఉండేది కాదు. కొద్ది తరగతులతోనే బడి మానివేశాడు. ఆ తరువాత పొలము పనులు చేస్తూ, దొరికిన పుస్తకాలను సొంతంగా చదువుకుంటూ పెరిగాడు. అధికారిక విద్య పట్ల అప్పుడు ఏర్పడిన అసంతృప్తి ఇతనిలో జీవితాంతము నిలిచిపోయింది. తరువాతి కాలములో సాంకేతిక విద్య గురించి ఇతడు వ్యక్తము చేసిన అభిప్రాయాలకు మూలము ఇక్కడే కనిపిస్తుంది.

మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పిన వస్తువు ఒక మోటారు సైకిలు. తమ ప్రాంతానికి వచ్చిన ఒక బ్రిటిషు రెవెన్యూ అధికారి వద్ద ఇతడు మొదటిసారి మోటారు సైకిలును చూశాడు. గుర్రము గానీ ఎద్దు గానీ లేకుండా నడిచే ఆ వాహనము ఇతనిని ఎంతగానో ఆకర్షించింది. దానిని కొనడానికి డబ్బు కూడబెట్టాలని నిశ్చయించుకుని, కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పనిచేశాడు. దాదాపు మూడేళ్ళు పనిచేసి, కూడబెట్టిన 300 రూపాయలు చెల్లించి ఆ అధికారి నుండే మోటారు సైకిలును కొన్నాడని చెబుతారు. అది 1912 నాటి రడ్జ్ బండి. నాయుడు దానిని కొన్న తరువాత ముందుగా చేసిన పని భాగాలుగా విప్పివేయడము, తిరిగి జతపరచడము. యంత్ర శాస్త్రములో ఇతని మొదటి పాఠ్యపుస్తకము ఈ బండియే.

రడ్జ్ మోటారు సైకిళ్ళను ఇంగ్లండులోని కోవెంట్రీ నగరములో రడ్జ్-విట్‌వర్త్ సంస్థ 1911 నుండి తయారుచేసింది. ఆ తొలి నమూనాలలో ఒకే సిలిండరు గల, సుమారు 500 ఘన సెంటీమీటర్ల సామర్థ్యము కలిగిన నాలుగు స్ట్రోకుల ఇంజను ఉండేది. ఇంజను నుండి వెనుక చక్రానికి శక్తి బెల్టు ద్వారా అందేది. భాగాలు తక్కువ, అన్నీ కంటికి కనిపించేవే. అందువలన చేతిలో రెండు మూడు పనిముట్లు, తగినంత ఓర్పు ఉన్నవారికి ఆ ఇంజను తన రహస్యాన్ని దాచుకోలేదు.

కామ్: ఇంజనులోని గడియారము

నాలుగు స్ట్రోకుల ఇంజనును విప్పినవారికి మొదట ఆశ్చర్యము కలిగించే భాగము కామ్. పిస్టను, సిలిండరు, క్రాంకు పనిచేసే తీరు చూడగానే అర్థమవుతుంది. కామ్ మాత్రము అలా కాదు. అది ఒక వైపు ఉబ్బుగా ఉండే చిన్న ఉక్కు బిళ్ళ. అది తిరిగేటప్పుడు ఉబ్బు భాగము టాపెట్‌ను పైకి నెడుతుంది, టాపెట్ వాల్వును తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు వాల్వును మూసివేస్తుంది. గాలి-పెట్రోలు మిశ్రమము ఎప్పుడు లోపలికి రావాలో, కాలిన వాయువు ఎప్పుడు బయటకు పోవాలో నిర్ణయించేది ఈ ఉబ్బు ఆకారమే.

నాలుగు స్ట్రోకులు పూర్తి కావడానికి క్రాంకు రెండు సార్లు తిరుగుతుంది, కామ్ ఒక్కసారి తిరుగుతుంది. అందువలన క్రాంకు లెక్కలో చెప్పిన డిగ్రీలు కామ్ మీద సగమవుతాయి. ఉదాహరణకు పొగ వాల్వు పిస్టను అడుగు స్థానానికి 45 డిగ్రీల ముందు తెరుచుకుని, పై స్థానము దాటిన 15 డిగ్రీల తరువాత మూసుకుంటే, అది తెరిచి ఉండే కాలము 45, 180, 15 కలిపి 240 క్రాంకు డిగ్రీలు. కామ్ మీద ఇది 120 డిగ్రీలు. అంటే ఉబ్బు, కామ్ చుట్టుకొలతలో మూడవ వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. మిగిలిన 240 డిగ్రీలు సాదా వృత్తము. ఆ భాగము టాపెట్ కింద ఉన్నంతసేపు వాల్వు మూసి ఉంటుంది.

ఉబ్బు అరిగిపోతే వాల్వు పూర్తిగా తెరుచుకోదు, ఇంజను బలము తగ్గుతుంది. ఉబ్బు పక్కలు నిటారుగా ఉంటే వాల్వు ఎగిరిపడి చప్పుడు చేస్తుంది, త్వరగా పాడవుతుంది. విడి భాగాలు ఇంగ్లండు నుండి ఓడలో రావలసిన ఆ రోజులలో, ఇటువంటి భాగము చెడితే నెలల తరబడి వేచి ఉండాలి, లేదా స్థానికంగా లేత్ మీద తయారు చేసుకోవాలి. మోటారు మరమ్మతు చేసే వర్క్‌షాపులకు లేత్, టర్నరు తప్పనిసరి కావడానికి ఇదే కారణము.

లేత్ మీద కామ్ తయారీ

లేత్ సహజముగా గుండ్రని వస్తువులను చేసే యంత్రము. కామ్ గుండ్రన కాదు. అయితే కామ్ ఆకారాన్ని కొన్ని వృత్త ఖండాల కలయికగా భావిస్తే, ఒక్కొక్క వృత్తాన్ని ఒక్కొక్క కేంద్రము నుండి లేత్ మీదే కోయవచ్చు. ఫ్యాక్టరీలలో కామ్‌లను మూల నమూనాను అనుసరించి సాన పట్టే ప్రత్యేక యంత్రాలు ఉంటాయి. చిన్న వర్క్‌షాపులకు, నమూనా ఇంజనులు తయారుచేసే అభిరుచిపరులకు ఈ వృత్త ఖండాల పద్ధతి నేటికీ ఉపయోగపడుతున్నది.

ఒక చిన్న నమూనా ఇంజనును ఉదాహరణగా తీసుకొనవచ్చును. టాపెట్ అడుగు చదునుగా ఉన్నదని, కామ్ మూల వృత్తపు వ్యాసార్ధము 6 మిల్లీమీటర్లు, వాల్వు లేవవలసిన ఎత్తు 3 మిల్లీమీటర్లు, ఉబ్బు కొన వ్యాసార్ధము 2 మిల్లీమీటర్లు, ఉబ్బు విస్తరించే కోణము మొత్తము 120 డిగ్రీలు అని అనుకుందాము. కామ్ కేంద్రము నుండి ఉబ్బు కొన వరకు దూరము 9 మిల్లీమీటర్లు, కొన వృత్తపు కేంద్రము వరకు 7 మిల్లీమీటర్లు అవుతుంది. మూల వృత్తాన్ని, కొన వృత్తాన్ని రెండింటినీ తాకుతూ పోయే పక్క వంపు వ్యాసార్ధము త్రిభుజ సూత్రముతో లెక్కిస్తే సరిగ్గా 39 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ వంపు కేంద్రము కామ్ కేంద్రము నుండి 33 మిల్లీమీటర్ల దూరములో, ఉబ్బు కొన దిశకు 120 డిగ్రీల కోణములో ఉంటుంది. రెండు పక్కలకు ఇటువంటి కేంద్రాలు రెండు.

పని క్రమము ఇలా ఉంటుంది. ముందుగా 18 మిల్లీమీటర్ల వ్యాసముతో ఉక్కు బిళ్ళను గుండ్రంగా తీసి, మధ్యలో షాఫ్టు రంధ్రము వేస్తారు. తరువాత ఆ బిళ్ళను లేత్ కేంద్రము నుండి 33 మిల్లీమీటర్లు పక్కకు జరిపి ఒక పలక మీద గట్టిగా బిగిస్తారు. పలక తిరుగుతుంటే, లేత్ కేంద్రము నుండి 39 మిల్లీమీటర్ల దూరము వరకు పనిముట్టును జరుపుతూ బిళ్ళ వెలుపలి అంచును కోస్తారు. ప్రతి చుట్టులోనూ పనిముట్టు లోహాన్ని కొద్దిసేపే తాకి వదులుతుంది కనుక దెబ్బ కొట్టినట్లుగా ఉంటుంది. అందుచేత ఒక్కసారి ఎక్కువ లోతు కోయకూడదు. మొత్తము 3 మిల్లీమీటర్ల లోతును చాలా సార్లుగా, పలుచటి పొరలుగా తీయాలి. ఒక పక్క పూర్తి అయిన తరువాత బిళ్ళను రెండవ కేంద్రానికి మార్చి రెండవ పక్క తీస్తారు.

మిగిలిన మూల వృత్తము కోసము బిళ్ళను తిరిగి లేత్ కేంద్రములో బిగించి, చక్‌ను చేతితో ముందుకు వెనుకకు తిప్పుతూ, ఉబ్బును తాకకుండా 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధము వరకు లోహాన్ని తీసివేస్తారు. చివరకు ఉబ్బు కొనను ఆకురాయితో గుండ్రంగా రాకి, వంపులు కలిసే చోట గీత కనిపించకుండా గరుకు కాగితముతో నునుపు చేస్తారు. మెత్తని ఉక్కు అయితే కర్బన పదార్థములో ఉంచి ఎర్రగా కాల్చి, చల్లార్చి పైపొరను గట్టిపరుస్తారు. ఇంత చేసిన తరువాత కూడా డయల్ గేజి పెట్టి, కొద్ది డిగ్రీలకు ఒకసారి ఎత్తును కొలిచి, లెక్కతో సరిపోయిందో లేదో చూసుకోవాలి. లెక్క, చేతి నేర్పు, ఓర్పు ఈ మూడూ కలిస్తేనే పని పూర్తి అవుతుంది. నాయుడు జీవితాంతము యువకులకు అలవడాలని కోరుకున్నది ఇటువంటి విద్యయే.

వ్యాపారము, బస్సు రవాణా

మొదటి ప్రపంచ యుద్ధ కాలములో నాయుడు తిరుప్పూరులో పత్తి వ్యాపారములో ప్రవేశించి లాభాలు గడించాడు. తరువాత బొంబాయిలో పత్తి వ్యాపారానికి దిగి తీవ్రంగా నష్టపోయాడు. ఖాళీ చేతులతో కోయంబత్తూరు తిరిగి వచ్చినప్పుడు, ఆ నగరములో మిల్లులు, మోటారు వ్యాపారము నడుపుతున్న రాబర్ట్ స్టేన్స్ ఇతనికి సహాయము చేశాడు. ఆ సహాయముతో 1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు. పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఆ బస్సును తానే స్వయంగా నడిపాడు.

ఒక్క బస్సుతో మొదలైన ఈ వ్యాపారము యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా పెరిగింది. కొద్ది సంవత్సరాలలోనే దేశములోని అత్యంత సమర్థమైన ప్రయాణికుల రవాణా సంస్థలలో ఒకటిగా పేరు పొందింది. బస్సుల నిర్వహణ, మరమ్మతు, విడి భాగాల తయారీ అవసరాలే నాయుడును వ్యాపారి స్థానము నుండి తయారీదారు స్థానానికి నడిపించాయి.

ఈ కృషి కాలాన్ని తెలుగు ప్రాంతాలతో పోల్చి చూడవచ్చు. హైదరాబాదు సంస్థానములో సికింద్రాబాదు - వాడి రైలు మార్గము 1874లోనే ప్రారంభమై వికారాబాదు, తాండూరు పట్టణాలను కలిపింది. అయితే రోడ్డు మీద ప్రభుత్వ బస్సులు రావడానికి 1932 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ సంవత్సరము నిజాం రాష్ట్ర రైల్వేలో భాగముగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థల మూలము అదే. ఆ శాఖ పుట్టేనాటికి నాయుడు బస్సుల వ్యాపారములో పన్నెండేళ్ళ అనుభవము గడించాడు. అక్కడ ఒక సంస్థానపు రైల్వే చేసిన పనికి, ఇక్కడ ప్రాథమిక విద్య మాత్రమే చదివిన ఒక రైతు కుమారుడు పూనుకున్నాడు.

విద్యుత్ మోటారు

నీలగిరి కొండలలోని పైకారా జల విద్యుత్ కేంద్రము 1932లో ఉత్పత్తి ప్రారంభించడముతో కోయంబత్తూరుకు చవకగా విద్యుత్తు అందింది. నూలు మిల్లులు వేగంగా పెరిగాయి, బావుల నుండి నీరు తోడడానికి విద్యుత్ పంపుల అవసరము ఏర్పడింది. కాని మోటార్లు విదేశాల నుండి దిగుమతి చేసుకోవలసిందే.

ఈ పరిస్థితులలో నాయుడు పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారాన్ని నెలకొల్పాడు. 1937లో భారతదేశపు మొదటి విద్యుత్ మోటారు ఇక్కడ తయారయింది. దీని రూపకల్పనలో డి.బాలసుందరం నాయుడు ముఖ్య పాత్ర వహించాడు. ఈ విజయము ఇచ్చిన ఉత్సాహముతో బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

మోటారు తయారీలోనూ లేత్ పనితనమే కీలకము. మోటారులో కదలకుండా ఉండే చుట్టు భాగానికి, లోపల తిరిగే భాగానికి మధ్య సన్నని గాలి ఖాళీ ఉంటుంది. చిన్న మోటార్లలో ఇది మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే. లోపలి భాగము ఏ మాత్రము వంకరగా తిరిగినా బయటి భాగాన్ని రాసుకుంటుంది. ఖాళీ ఎక్కువైతే విద్యుత్తు వృథా అవుతుంది. కోయంబత్తూరు టర్నర్లు ఈ సున్నితమైన పనిలో ఆరితేరడము వల్లనే ఆ నగరము మోటార్లకు, పంపు సెట్లకు, తరువాతి కాలములో పిండి రుబ్బే వెట్ గ్రైండర్లకు దేశమంతటా పేరు పొందింది.

ఇతర ఆవిష్కరణలు

నాయుడు పలుమార్లు ఐరోపా, అమెరికా దేశాలు పర్యటించి అక్కడి కర్మాగారాలను పరిశీలించాడు. ఇతని ఆవిష్కరణలలో కొన్ని:
* రసాంత్ అనే విద్యుత్ క్షౌర యంత్రము. డ్రై సెల్లులతో నడిచే చిన్న మోటారు దీనిలో ఉంటుంది.
* అతి పలుచని క్షౌర బ్లేడ్లు
* సినిమా కెమెరాలకు దూరాన్ని సరిచేసే పరికరము
* పండ్ల రసము తీసే యంత్రము
* మోసానికి వీలు లేని ఓట్ల నమోదు యంత్రము
* కిరోసిన్‌తో నడిచే పంకా

1941లో ఐదు వాల్వుల రేడియోను భారతదేశములోనే 70 రూపాయలకు తయారు చేయగలనని ఇతడు ప్రకటించాడు. రేడియో సంపన్నుల ఇళ్ళకే పరిమితమైన కాలమది. ఈ వస్తువులన్నిటిలోనూ ఒకే ఆలోచన కనిపిస్తుంది. విదేశాల నుండి ఎక్కువ ధరకు వచ్చే వస్తువును ఇక్కడే, సామాన్యుడు కొనగలిగిన ధరకు తయారు చేయడము నాయుడు లక్ష్యము.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చుని ప్రయాణించగల పెట్రోలు కారును రూపొందించాడు. దాని ధర 2,000 రూపాయలు. అయితే దానిని ఉత్పత్తి చేయడానికి కావలసిన లైసెన్సును ప్రభుత్వము మంజూరు చేయలేదు. దానితో ఆ కారు తయారీ ఆగిపోయింది.

స్వాతంత్ర్యానంతరము అమలులోకి వచ్చిన పారిశ్రామిక విధానము దీనికి నేపథ్యము. 1951లో చేసిన పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టము 1952లో అమలులోకి వచ్చింది. ఏ వస్తువును ఎవరు, ఎంత మేరకు తయారు చేయాలో నిర్ణయించే అధికారము ప్రభుత్వానికి దక్కింది. కొరతగా ఉన్న విదేశీ మారకాన్ని, ఉక్కును పొదుపుగా వాడడము, కొద్ది సంస్థలనే ప్రోత్సహించి పూర్తి స్థాయి మోటారు పరిశ్రమను నిర్మించడము ప్రభుత్వ ఉద్దేశము. ఈ ఉద్దేశానికి దాని కారణాలు దానికి ఉన్నాయి. కాని తన వర్క్‌షాపులో సొంతంగా చవక కారును నిర్మించుకున్న వ్యక్తికి ఆ విధానములో చోటు లేకపోయింది. చాలా పరిశ్రమలకు లైసెన్సు విధానము 1991లో రద్దయింది. లక్ష రూపాయల ధరతో ప్రచారము పొందిన టాటా నానో కారు 2009లో మార్కెట్లోకి వచ్చేనాటికి నాయుడు మరణించి ముప్పై అయిదు సంవత్సరాలు గడిచాయి.

పన్నులు, నిరసన

ప్రభుత్వ పన్నుల విధానము పట్ల కూడా నాయుడు తీవ్ర అసంతృప్తి వ్యక్తము చేశాడు. అధిక పన్నులు కొత్త వస్తువులు కనిపెట్టేవారి ఉత్సాహాన్ని చంపివేస్తాయని ఇతని వాదన. దీనికి నిరసనగా 1950వ దశకములో తాను తయారుచేసిన రేడియోలు మొదలైన వస్తువులను ప్రజల ఎదుట బహిరంగంగా పగులగొట్టించాడు. పనికివచ్చే వస్తువులను నాశనము చేయడము సరికాదని విమర్శించినవారు ఉన్నారు, ఇతని ఆవేదనను అర్థము చేసుకున్నవారూ ఉన్నారు. ఈ సంఘటన నాయుడు పేరును పరిశ్రమ వర్గాలకు వెలుపల కూడా చర్చనీయాంశము చేసింది.

సాంకేతిక విద్య

1944లో నాయుడు మోటారు వాహన వ్యాపారము నుండి క్రియాశీలకముగా తప్పుకున్నాడు. పరిశోధక విద్యార్థులకు వేతనాలు, కార్మికుల సంక్షేమ పథకాలు మొదలైన దాతృత్వ కార్యక్రమాలను ప్రకటించాడు. ఇతని కృషి, విరాళముల ఫలితముగా 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. నాయుడు ఈ కళాశాలకు ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. బడి చదువు పూర్తి చేయని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడము అరుదైన విషయము.

నాలుగు సంవత్సరాల ఇంజనీరింగు కోర్సు కాలయాపన అని నాయుడు భావించాడు. యంత్రాల మధ్య పనిచేస్తూ నేర్చుకుంటే రెండు సంవత్సరాలు చాలునని ప్రతిపాదించాడు. బ్రిటిషు ప్రభుత్వము దీనికి అంగీకరించలేదు. నిరసనగా నాయుడు ప్రిన్సిపాలు పదవికి రాజీనామా చేశాడు.

ఈ వివాదములో ఉన్న ప్రశ్న నేటికీ తీరలేదు. పైన వివరించిన కామ్ లెక్క తెలియని టర్నరు ఎదురుగా ఉన్న పాత భాగాన్ని చూసి నకలు చేయగలడు గాని, కొత్త ఇంజనుకు కామ్ రూపొందించలేడు. చక్ మీద చేయి వేయని పట్టభద్రుడు 39 మిల్లీమీటర్ల వ్యాసార్ధాన్ని లెక్కించగలడు గాని, దానిని ఉక్కులో తీయలేడు. నాయుడు మొదటి లోపము కంటే రెండవ లోపాన్నే పెద్దదిగా చూశాడు. ఇంజనీరింగు పట్టా కోర్సు నాలుగు సంవత్సరాలుగానే కొనసాగుతున్నది. ఐ.టి.ఐ.లలో టర్నరు కోర్సు మాత్రము రెండు సంవత్సరాలు.

ఆర్థర్ హోప్ కళాశాల తరువాత ప్రస్తుత ప్రదేశానికి తరలి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది. అవినాశి రోడ్డులో అది తొలుత ఉన్న ప్రాంతాన్ని ప్రజలు ఇప్పటికీ హోప్ కాలేజి అనే పిలుస్తున్నారు.

వ్యవసాయము

రైతు కుటుంబములో పుట్టిన నాయుడు వ్యవసాయ ప్రయోగాలను కూడా వదలలేదు. తన క్షేత్రములో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను గుర్తించి పెంచాడు. ఇతని క్షేత్రాన్ని నోబెల్ బహుమతి గ్రహీత సి.వి.రామన్, ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సందర్శించారు. విశ్వేశ్వరయ్య కూడా తెలుగు మూలాలు గలవాడే కావడము గమనార్హము.

ఇతర అభిరుచులు

నాయుడుకు ఛాయాగ్రహణము అంటే అమితమైన ఇష్టము. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రముగా తీశాడు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ వంటి నాయకులను కూడా తన కెమెరాలో బంధించాడు. శాసనసభ ఎన్నికలలో ఒకసారి పోటీచేసి ఓడిపోయాడు. ఉదయము పునాది వేసి అదే రోజు సాయంత్రానికి ఇల్లు పూర్తి చేయించి, పని ప్రణాళిక సక్రమముగా ఉంటే ఎంత వేగము సాధ్యమో నిరూపించాడు.

మరణము, స్మారకములు

జి.డి.నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 80 సంవత్సరాలు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఇతని ఆవిష్కరణలను, సేకరించిన యంత్రాలను సందర్శకుల కోసము భద్రపరిచారు. 2015లో ఇతని పేరిట జీడీ కార్ల మ్యూజియము ప్రారంభమైంది. దీనిలో వివిధ దేశాలకు చెందిన పాత కార్లను ప్రదర్శిస్తున్నారు. ఇతని జీవితముపై తీసిన లఘుచిత్రము 2018 సంవత్సరానికి గాను జాతీయ చలనచిత్ర పురస్కారాలలో శాస్త్ర సాంకేతిక విభాగములో బహుమతి పొందింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పొడవైన వంతెనకు తమిళనాడు ప్రభుత్వము జి.డి.నాయుడు పేరు పెట్టింది.

ప్రాముఖ్యత

నాయుడు ఆవిష్కరణలలో అధిక భాగము మార్కెట్లో నిలవలేదు. రెండు వేల రూపాయల కారు రోడ్డెక్కలేదు, 70 రూపాయల రేడియో ఇంటింటికీ చేరలేదు. రెండేళ్ళ ఇంజనీరింగు కోర్సు ప్రతిపాదన దగ్గరే ఆగిపోయింది. నిలిచినది మరొకటి. విదేశీ యంత్రాన్ని విప్పి చూడడానికి, దాని భాగాన్ని సొంత లేత్ మీద తీయడానికి, ఆ తరువాత మొత్తము యంత్రాన్నే తయారు చేయడానికి కోయంబత్తూరు జంకలేదు. ఆ నగరములోని వేలాది చిన్న వర్క్‌షాపులు, ఫౌండ్రీలు, మోటారు కర్మాగారాలు ఈ ధైర్యము మీద నిర్మితమైనవే. ఆ ధైర్యాన్ని నేర్పినవారిలో జి.డి.నాయుడు అగ్రగణ్యుడు.